పూతక్రింది పగులు

తొలకరికి ముందు మీరు మీ యింటి కప్పును చూచుకొందురు గదా. జరిగిన పెంకును సరిచేయుదురు. చివికిన తాటాకును తీసి కొత్త ఆకు వేయుదురు. పగిలిన పెంకు మీద సున్నము పూసి, ఇక కురియదని ధైర్యముగా పండుకొనువారెవరును లేరు. పూత చూచువారి కంటికి చాలును గాని వానకు చాలదు. ఇది మన పల్లెలలో పిల్లలకును తెలిసిన సంగతి. నాకును తెలిసినదే. అయినను నేను దానిని మరచి బ్రదుకుచుండగా, దూరదేశములో ఒక చిన్న విమానపు మూతయొద్ద ప్రభువు దానిని నాకు మరల నేర్పెను. అది మీతో చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2019వ సంవత్సరము నవంబరు నెలలో నేను అమెరికాకు పోయి, విస్కాన్సిన్ రాష్ట్రములోనున్న మా కుమారుని యింట నాలుగు నెలలుంటిని. ఆ యింటికి రెండిండ్ల అవతల ఒక వృద్ధుడు కాపురముండెను. ఫ్యాక్టరీలో ఇనుపపని చేసి రిటైరైనవాడు. మేము ఆదివారము పోవు చిన్న సంఘములోనే సభ్యుడు. ఆయన తన కారును మంచులో బయట నిలిపి, కారు షెడ్డులో తన చేతులతో ఒక విమానము కట్టుచుండెను.

మీరు ఆశ్చర్యపడుదురేమో. ఆ దేశములో ఇది వింత కాదు. తమ విమానములను తామే కట్టుకొనువారి కొరకు 1953లో ఆ రాష్ట్రమునందే పాల్ పోబెరెజ్నీ అను వైమానికుడు ఒక సంఘమును స్థాపించెను. ఆ సంఘపు వార్షిక కూటము 1970 మొదలుకొని ఆష్కాష్ అను పట్టణములో జరుగుచు వచ్చినది. విమానములో సగముకంటె ఎక్కువ పని, విద్యకొరకో వినోదముకొరకో, సామాన్యులు తమ చేతులతో చేసినయెడల ప్రభుత్వము దానిని పరీక్షించి ఎగురుటకు అనుమతి నిచ్చును. రేకులును భాగములును పెట్టెలలో వచ్చును. వాటిని కూర్చుటకు ఏండ్లు పట్టును. ఈ పెద్దాయనకు అప్పటికే ఆరేండ్లు పట్టినవి.

ఆ విమానములో రెండే పీటలు, ముందు ఒకటి, వెనుక ఒకటి. ముందుది ఆయనది. వెనుకది తొమ్మిదేండ్ల మనుమరాలిది. ఆ పాప తన పేరు రంగు పెన్సిలుతో వ్రాసి ఆ పీటకు అంటించుకొన్నది. ఈ కాగితమును జ్ఞాపకముంచుకొనుడి.

నేను చలికి బయటికి పోలేక, ఇంటిలో తోచక, మధ్యాహ్నములు ఆయన షెడ్డుకు పోవుచుంటిని. ఒక దినమున ఆయన, "సహోదరుడా, ఊరక కూర్చుండుటకంటె నాకు చేతిసాయము చేయుదువా?" అనెను. ఆ వారమే ఆయన విమానపు మూత అమర్చు పని మొదలు పెట్టెను.

ఆ మూతను వారు కానొపీ అందురు. నీటిబుడగను సగము కోసి బోర్లించినట్లుండును. అది గాజు కాదు, యాక్రిలిక్ అను ఒక విధమైన ప్లాస్టిక్కు. గాజుకంటె తేలిక, గాజువలెనే తేట. అయితే దానికి కొన్ని గుణములున్నవి. చలిలో అది పెళుసుబారును. పెట్రోలు గాని కొన్ని మందునీళ్లు గాని తగిలినచో దానిమీద సన్నని నెరియలు పుట్టును. అంచున చిన్న గీత పడినను అదే పగులై, ఒత్తిడి కలిగినప్పుడెల్ల కొంచెము కొంచెముగా ముందుకు పాకును. విమానము ఎగురునప్పుడు గాలి ఆ మూతను క్రిందికి నొక్కునని నేననుకొంటిని. అది సరికాదని ఆయన చెప్పెను. వంపు మీదుగా గాలి వేగముగా పోవుటచేత అక్కడ ఒత్తిడి తగ్గి, మూత పైకి లాగబడునట. కాబట్టి అది చక్కగా కూర్చుండవలెను, గట్టిగా పట్టియుండవలెను, ఎక్కడను పగులకూడదు.

బయట నీళ్లు గడ్డకట్టు చలి. ఆయన ముందుగా పొయ్యి పెట్టి షెడ్డును మన లెక్కలో 27 డిగ్రీల వరకు వేడిచేయును. మూత కూడ వెచ్చబడువరకు దానిమీద చేయి వేయడు. పళ్ల రంపము వాడడు, పళ్లు పట్టి లాగినచో పగులును. అరుగదీయు పలుచని చక్రముతో కోయును. కోసిన అంచును వ్రేలికి గోలీవలె నున్నగా తగులువరకు గరుకు కాగితముతో రుద్దును. పిమ్మట మూతను చట్రము మీద పెట్టును, చూచును, గుర్తు పెట్టును, తీయును, మరల రుద్దును. ఎన్ని మారులు పెట్టి తీసెనో నేను లెక్కింపలేదు. బెజ్జములు వేయుటకు కూడ ఇనుమునకు వాడు బరమా ములుకు పనికిరాదు. అది కొరికి లాగును. కొరకక గీకునట్టి వేరొక ములుకు దీనికి కావలెను.

ఒక సంగతి నాకు వింతగా తోచెను. బెజ్జమును ఆయన మరమేకుకంటె పెద్దదిగా వేయుచుండెను.

"అయ్యా, ఇంత వదులైనయెడల మూత నిలుచునా?" అని అడిగితిని.

ఆయన నవ్వి ఇట్లు చెప్పెను. ఎండకు లోహమును పెరుగును, ఈ యాక్రిలిక్కును పెరుగును. కాని రెండును ఒకే కొలతగా పెరుగవు. వేడి 40 డిగ్రీలు మారినయెడల మీటరు పొడవు యాక్రిలిక్కు దాదాపు మూడు మిల్లీమీటర్లు సాగును. అంతే పొడవు అల్యూమినియము ఒక మిల్లీమీటరైనను సాగదు. "రెండును ఒక్క యింట ఉండవలెనన్న ఒకదానికొకటి చోటియ్యవలెను. బిగించి పట్టుకొంటివా, మెత్తనిది పగులును" అనెను.

ఆ మాట విని నేను తల యూచితిని. తల యూచుట సులభము.

నాకప్పగింపబడిన పని చిన్నది. మరమేకులను బెజ్జములలో పెట్టి వ్రేళ్లతో త్రిప్పి, తగిలినచోట ఆపవలెను. పనిముట్టుతో బిగించుట ఆయన పని. ఇరువదికి పైగా పెట్టితిని. ఆయన ఫోను మాటలాడుటకు ఇంటిలోనికి పోయెను. ఒక మరమేకు నాకు వదులుగా తోచెను. స్క్రూడ్రైవరు బల్లమీదనే యున్నది. మరి ఒక్క చుట్టు త్రిప్పితిని. అంతే.

టిక్ మని గోరు విరిగినంత చప్పుడు. బెజ్జము నుండి బియ్యపుగింజంత సన్నని గీత పైకి పోయియుండెను. నా గుండె జారిపోయెను. ఆయన తిరిగి వచ్చునప్పటికి నేను స్క్రూడ్రైవరును దాని చోటనే పెట్టి, వేరొక మూలను మరమేకులు త్రిప్పుచుంటిని. ఆయన ఏమియు చూడలేదు. నేనేమియు చెప్పలేదు.

చదువరీ, మరునాటి పని ఏమనగా, మూతయు రేకును కలియు సంధి మీద గాజునారతో నేసిన గుడ్డను రెజిను అను జిగురుతో తడిపి, నాలుగు వ్రేళ్ల వెడల్పున అంటించుట. అది ఆరి రాయివలె గట్టిపడును. దానిమీద రంగు వేయుదురు. నా గీత సరిగా దానిక్రింద పడును. ఇక ఎవరికిని కనబడదు. నాకు తోచిన మొదటి తలంపు భయము కాదు, ఊరట. "రేపటితో కప్పబడిపోవును" అనుకొంటిని. నలువదియేండ్లు బడిపంతులుగా నుండి, ఆదివారపు బడిలో పిల్లలకు పాపపు ఒప్పుకోలును గూర్చి బోధించిన నేను అట్లు తలంచితిని.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. కన్ను మూసినయెడల వెనుక పీటకు అంటించిన ఆ కాగితమే కనబడెను. యెహెజ్కేలు 13వ అధ్యాయములోని గోడ జ్ఞాపకమునకు వచ్చెను. జనులు బలములేని గోడ కట్టగా అబద్ధ ప్రవక్తలు దానికి గచ్చుపూత పూసి సరియైనదని చెప్పిరి. వర్షమును వడగండ్లును వచ్చినప్పుడు ఆ పూత ఏమి చేసెను? గోడతో కూడ అదియు పడెను.

ఆ గోడవెంట మరియొక సంగతి వచ్చెను. దానిని మీకు చెప్పుటకు సిగ్గగుచున్నది గాని చెప్పక ఈ వ్యాసము పూర్తికాదు. 2008లో మా నాయనగారి కడపటి జబ్బునకు ఆసుపత్రి ఖర్చు నేను పెట్టితిని. అంతయు అయిన పిమ్మట మా తమ్ముడు వచ్చి, "అన్నయ్యా, నా సగమెంత?" అని అడిగెను. 46,000 రూపాయలైనది. నేను 60,000 అని చెప్పితిని. వాడు కాగితములు అడుగలేదు. కౌలుచేను దున్నుకొనువాడు, కొన్ని దినములకు 30,000 తెచ్చి నా చేతిలో పెట్టెను. ఏడు వేలు ఎక్కువ. బియ్యపుగింజంత పగులు.

అప్పటినుండి నేను వాని కన్నులలోనికి సూటిగా చూడలేదు. దానికి మారుగా పూత పూయుచు వచ్చితిని. పండుగకు వాని పిల్లలకు బట్టలు పంపితిని. వాని కూతురి పెండ్లికి అందరికంటె మంచి చీరలు పెట్టితిని. చూచినవారు "అన్నదమ్ములన్న వీరే" అనిరి. పూత నున్నగానే యున్నది. క్రింద పగులు పాకుచుండెను. ఉత్తరములు తగ్గెను, మాటలు తగ్గెను, కడకు ఒకరి యింట ఒకరము భోజనము చేయుట మానితిమి. ఎందుచేతనో వానికి తెలియదు. నాకు తెలియును.

తెల్లవారగానే పరుగెత్తినట్లు షెడ్డుకు పోయితిని. ఆయన గుడ్డను కత్తిరించి, రెజిను డబ్బా మూత తీసి, ఇక కలుపబోవుచుండెను. "అయ్యా, కలుపవద్దు" అంటిని. జరిగినదంతయు చెప్పితిని, స్క్రూడ్రైవరును దాని చోటనే పెట్టిన సంగతియు దాచలేదు.

ఆయన దీపము తెచ్చి వంగి చాలసేపు చూచెను. ఆ మూత వెల తక్కువ కాదు. ఆయన ముఖము ఎఱ్ఱబడెను. నన్ను తిట్టినయెడల న్యాయమే. కొంతసేపటికి తల యెత్తి, "నిన్న చెప్పవలసినది" అనెను. మరల కొంతసేపటికి, "ఇంకొక గడియ ఆలస్యమైన ఏమియు చేయలేకపోదుము. కనబడుచున్నంతవరకు దీనికి మందున్నది" అనెను.

ఆ మందేమిటో వినుడి. విమానములు కట్టుటలో తనకంటె అనుభవముగల ఒక స్నేహితుని పిలిచి ఆయన ఆ గీతను చూపించెను. ఇద్దరును ఆలోచించి, షెడ్డును మరల వేడిచేసి, గీత ఎక్కడ ముగిసినదో సరిగా అక్కడ మూడు మిల్లీమీటర్ల గుండ్రని బెజ్జము వేసిరి. పగులు బలమంతయు దాని సూదివంటి మొనలో నున్నది. ఒత్తిడి అంతయు అక్కడ కూడి దానిని ముందుకు తోయును. మొన గుండ్రని బెజ్జములోనికి వచ్చినప్పుడు ఆ ఒత్తిడి చుట్టును పంచుకొనబడి, పగులు ఆగును. పగులు మాయము కాదు, ఆగును. పిమ్మట ఆయన ఒక పని చేసెను. ఆ చోట గుడ్డ అంచును క్రిందికి కత్తిరించి, గీత పైకి కనబడునట్లు విడిచెను. "చూచుటకు బాగుండదు గదా" అంటిని. "ఎగురుటకు ముందు ప్రతిసారి దీనిని చూడవలెను" అని ఆయన బదులిచ్చెను.

నేనప్పుడే ఇంటికి పోయి తమ్మునికి ఫోను చేసితినని మీరనుకొందురు. చేయలేదు. విమానపు మూత విషయమై ఒప్పుకొనుటకు ఒక రాత్రి పట్టెను. తమ్ముని విషయమై ఇంకను మూడు వారములు పట్టెను. మన హృదయము ఎట్టిదో చూచితిరా!

ఆ మూడు వారముల పిమ్మట సందులు మూయు పని వచ్చెను. మూత ఎంత చక్కగా అమరినను, తెరచి మూయునది గనుక అంచున సన్నని సందులుండును. వాటిలోనుండి వానయు చలిగాలియు వచ్చును. అంతకంటె అపాయకరమైన సంగతి, ఇంజను పొగలోని విషవాయువు వచ్చుట. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆయన ఒక అంచున సన్నని టేపు అంటించి, ఎదుటి అంచున సిలికోను అను రబ్బరువంటి ముద్దను వత్తివలె పెట్టి, మూత మూసి, అది గట్టిపడువరకు విడిచెను. టేపునకు సిలికోను అంటదు. మరునాడు మూత తెరచినప్పుడు ఆ వత్తి సందు ఎంత ఉన్నదో అంతే, మిట్టకు మిట్టగా పల్లమునకు పల్లముగా రూపము తీసికొనియుండెను.

"మొదటినుండి ఇదే పెట్టియుంటే ఇంత రుద్దుట ఎందుకు?" అని అడిగితిని. ఆయన చెప్పినది నేను మరువలేదు. "అమరిక సరిగానున్నచోట ఇది సందును మూయును. అమరిక లేనిచోట ఇది తప్పును మూయును. రెండవది గాలికి నిలువదు."

మన గోదావరి రేవులలో పడవ పనివారిని చూచినవారికి ఇది తెలియును. పలకలను మొదట సరిగా కూర్తురు, తరువాతనే సందులు నింపుదురు. నోవహు చేసినదియు ఇదే. దేవుడు చెప్పిన కొలతల ప్రకారము ఓడను కట్టెను. దానికి లోపలను బయటను కీలు పూయుమని దేవుడే సెలవిచ్చెను. ఆదికాండము 6వ అధ్యాయములో ఆ పూతకు వాడిన హెబ్రీ క్రియకును, ప్రాయశ్చిత్తము చేయుట అను మాటకును మూలాక్షరములు ఒక్కటే. యెహెజ్కేలు చెప్పిన గచ్చును పూతయే, నోవహు పూసిన కీలును పూతయే. ఒకటి పగులును దాచెను, ఒకటి ప్రాణములను కాచెను.

ఆ సాయంకాలము పరీక్ష చేసితిమి. దీపములన్నియు ఆర్పి, నన్ను వెనుక పీటలో కూర్చుండబెట్టి, చేతికి టార్చిలైటిచ్చి, ఆయన మూత మూసెను. నేను అంచువెంబడి వెలుగు త్రిప్పుచుంటిని. ఆయన చీకటిలో విమానము చుట్టు తిరుగుచు, వెలుగు బయటికి వచ్చినచోటనెల్ల సుద్దతో గుర్తు పెట్టెను. మూడు చోట్ల వెలుగు వచ్చెను. నా ప్రక్కనే పాప పేరు వ్రాసిన కాగితము. ఆ చీకటిలో, ఆ పీటలో, నేను ఇక తప్పించుకొనలేకపోతిని.

రాత్రి ఇంటికి వచ్చి ఫోను చేసితిని. అక్కడ రాత్రి, మన ఊరిలో పగలు. తమ్ముడు చేనిలో నుండెను. ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. చాలసేపు మాట లేదు. పిమ్మట వాడు, "ఆ ముప్పై వేలు కుదరక పాడిగేదెను అమ్మినాను, అన్నయ్యా" అనెను. ఫోను పెట్టివేసెను.

అంత కాలము నేను ఏడు వేలు అనుకొంటిని. అది ఏడు వేలు కాదు, ఒక యింటి పాలు.

నాలుగవ దినమున వాడే ఫోను చేసెను. "వచ్చినప్పుడు నేరుగా మా యింటికి రా" అనెను. మరేమియు అనలేదు. ఫిబ్రవరి చివర నేను తిరిగి వచ్చి వాని యింటికే పోయితిని. ఏడు వేలకు ఒక గేదె వెల కలిపి వాని చేతిలో పెట్టితిని. "ఫరవాలేదులే" అని వాడు అనలేదు. లెక్కపెట్టి పుచ్చుకొనెను. తరువాత మరదలు విస్తళ్లు వేసెను, ఇద్దరము కూర్చుండి తింటిమి. పండ్రెండేండ్ల తరువాత అది మొదటి భోజనము. మా మధ్య ఆ గీత ఇప్పటికిని ఉన్నది. కాని అది ఆగినది. నేను దానిని కప్పను, ప్రతిసారి చూచుకొందును.

ఆ పెద్దాయన విమానము 2021 వేసవిలో ఎగిరెను. ఆ దేశపు నియమము చొప్పున మొదట పరీక్షా కాలమున్నది. ఆ కాలములో ఊరక షికారుకు ఎవరినీ ఎక్కించుకొనరాదు. ఆయన విమానమునకు అది 40 గంటలు. అది ముగిసిన పిమ్మట తీసిన ఫోటో ఒకటి నాకు పంపెను. వెనుక పీటలో పాప నవ్వుచున్నది. మూత అంచున, ఎరిగినవారికే కనబడునట్లు, ఒక చిన్న గుండ్రని బెజ్జము.

ప్రియ చదువరీ, మీ యింట పూతక్రింద ఏమున్నది? గట్టు జరిపిన అంగుళమా? సంఘపు లెక్కలో కలియని పది రూపాయలా? అత్తతో గాని కోడలితో గాని అనినదానికంటె ఎక్కువగా చెప్పిన మాటా? దానిమీద ఎన్ని కానుకలు పూసితిరి, ఎన్ని పాటలు పూసితిరి? తన అతిక్రమములను కప్పుకొనువాడు వర్ధిల్లడని సామెతలు 28వ అధ్యాయము హెచ్చరించుచున్నది. ఒప్పుకొనువారిని క్షమించుటకు దేవుడు నమ్మదగినవాడని 1 యోహాను 1వ అధ్యాయము ధైర్యము చెప్పుచున్నది. యేసుక్రీస్తు రక్తము గచ్చు కాదు, కీలు. అది మనము తెరచి చూపినదానిని కాచును, మూసి దాచినదానిని కాదు.

జిగురు ఇంకను కలుపలేదు. కనబడుచున్నంతవరకు మందున్నది. ఈ దినమే చెప్పుడి. ప్రభువు మీకును నాకును అట్టి ధైర్యమును దయచేయునుగాక. ఆమేన్.